మెగిల్లా 24వ ఆకును నడిమధ్య పెట్టుకోండి: వైకల్యం గురించి యూదు గ్రంథాలు చదవడం, రాయడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎనిమిది మంది చదువరులు. ఇద్దరు చక్రాల కుర్చీ వాడతారు, ఒకరికి చూపు లేదు, ఒకరికి నత్తి, ఒకరు చెవి మిషను పెట్టుకుంటారు, ఇద్దరు వైకల్యం ఉన్న పిల్లల తల్లులు, ఒకరు స్పెషల్ టీచరు. అందరికీ తెలుగే హాయి, హీబ్రూ ఎవరికీ రాదు, యూదులెవరూ లేరు. వైకల్యం గురించి యూదు గ్రంథాలు కలిసి చదివి, చదివినదాని మీద రాసుకోవాలని ఉంది. ఏ పాఠాలు తీసుకోవాలి, ఎలా నడపాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అని అడిగారు.

ఓదార్పు కోసమైతే ఈ పాఠాలు తెరవకండి. వైకల్యం మీద యూదు గ్రంథాల్లో ఊరటనిచ్చే మాటలూ గాయపరిచే మాటలూ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోసారి ఒకే ఆకు మీద. మంచివి మాత్రం ఏరి ముందు పెడితే, తమ కోసం పాఠాన్ని తీపి చేశారని వైకల్యం ఉన్నవాళ్లు ఇట్టే పసిగడతారు. ఆ తర్వాత వాళ్లు మర్యాదకు వింటారు తప్ప నిజం మాట్లాడరు. ఆరు వారాలూ ఒకే ప్రశ్న పట్టుకోండి: ఈ వాక్యం ఎవరిని మారమంటోంది, ఆ మనిషినా, ఆ మనిషిని చూస్తున్న ఊరినా?

గ్రంథాల వరస తెలియకపోతే మొదటి రోజే దారి తప్పుతారు. అన్నిటికీ అడుగున తనఖ్, అంటే హీబ్రూ బైబిలు, 24 గ్రంథాలు. దాని మీద మిష్నా, సుమారు క్రీ.శ. 200లో రబ్బీ యెహూదా హనాసి కూర్చిన ధర్మచర్చలు. మిష్నా మీద తరతరాల వాదోపవాదాలు గెమారా. ఈ రెండూ కలిపి తల్ముద్. అందులో బాబిలోనియాలో రూపుదిద్దుకున్నదే ఎక్కువగా చదువుతారు. ఆపైన ఫ్రాన్సు పండితుడు రాషి (1040–1105) వ్యాఖ్యానం, కథలు అల్లే మిద్రాష్‌లు, చివరికి యోసెఫ్ కారో రాసిన ధర్మశాస్త్రం షుల్హాన్ అరూఖ్, 1565లో వెనిస్‌లో అచ్చయింది. తల్ముద్‌ను ఆకుల లెక్కన చెబుతారు. మెగిల్లా 24బి అంటే మెగిల్లా అనే భాగంలో 24వ ఆకు, రెండో వైపు. ఓడిపోయిన వాదాన్ని కూడా, అన్నవాడి పేరుతో సహా, చెరపకుండా ఉంచడం ఈ గ్రంథాల అలవాటు. ‘ఇది నాకు నచ్చలేదు’ అనడానికి మీ బృందానికి ధైర్యం ఇచ్చేది అదే.

తనఖ్ వచనాలకు మన తెలుగు బైబిలు పాత నిబంధన సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: వచన సంఖ్యలు అక్కడక్కడ కలవవు. యాకోబు రాత్రంతా పెనుగులాడి తొడ తప్పి కుంటుతూ నడిచిన ఘట్టం తెలుగులో ఆదికాండము 32:24–32, హీబ్రూ లెక్కలో 32:25–33. తల్ముద్ భాగాలు మాత్రం మీరే తెలుగు చేసుకోవాలి. సెఫారియా అనే వెబ్‌సైటులో మూలం, ఇంగ్లీషు అనువాదం పక్కపక్కన ఉచితంగా దొరుకుతాయి. అక్కడి బాబిలోనియా తల్ముద్ ఇంగ్లీషులో ముదురు అక్షరాల్లో ఉన్నదే మూలంలోని మాట, మామూలు అక్షరాల్లో ఉన్నది రబ్బీ స్టైన్‌సాల్ట్జ్ చేర్చిన వివరణ. ముందు ముదురు అక్షరాలను మాత్రమే తెలుగు చేయండి. రెండూ కలిపి ఏకబిగిన అనువదిస్తే వివరణ కూడా మూలంలా కనబడి, మీవాళ్లు ప్రశ్నించాల్సిన ఖాళీలన్నీ ముందే పూడిపోతాయి.

మాటల విషయంలో మెత్తబడకండి. మూలంలో ‘ఇవ్వేర్’ అంటే గుడ్డివాడు, ‘ఇల్లేమ్’ మూగవాడు, ‘హెరేష్’ చెవిటివాడు, ‘పిసేయహ్’ కుంటివాడు. వీటిని ‘దివ్యాంగుడు’ అనో ‘విభిన్న ప్రతిభావంతుడు’ అనో మారిస్తే వాక్యం అబద్ధమవుతుంది. పాఠంలో మొరటు మాట మొరటుగానే ఉండాలి. బృందంలో ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలన్నది వేరే సంగతి, అది ఎవరికి వారు చెప్పుకోవాలి.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. మొత్తం తల్ముద్‌లో ఈ విషయానికి ఒక్క చోటు ఎంచమంటే మెగిల్లా 24బి ఎంచాలి. రెండు వారాలు దాని మీదే ఉండండి.

సందర్భం ఇది. లేవీయకాండము 21:16–23లో ఒక కఠినమైన నియమం ఉంది: యాజక వంశంలో పుట్టినా గుడ్డివాడు, కుంటివాడు, చెయ్యి విరిగినవాడు, గూనివాడు బలిపీఠం దగ్గర అర్పణ చేయకూడదు. అయితే 22వ వచనం ప్రకారం పవిత్రమైన ఆహారంలో అతనికి వాటా ఉంది. వంశం పోలేదు, వాటా పోలేదు, పని పోయింది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలిపీఠం లేదు. కానీ యాజక వంశీకులు ప్రార్థనా మందిరంలో చేతులెత్తి ప్రజలను దీవించే ఆచారం మిగిలింది. మరి చేతుల్లో లోపం ఉన్నవాడు దీవించవచ్చా?

మిష్నా (మెగిల్లా 4:7) వద్దంటుంది. వెంటనే రబ్బీ యెహూదా (మిష్నా కూర్చిన యెహూదా హనాసి కాదు, వేరే ఆయన) ఇంకో మాట కలుపుతాడు: చేతులకు నీలం, ఎరుపు అద్దకపు రంగులు అంటుకున్నవాడు కూడా చేతులెత్తకూడదు, ఎందుకంటే జనం అతన్నే చూస్తారు. ఇక్కడ ఆపించండి. రంగు అంటుకోవడం వైకల్యం కాదు కదా, లోపాల పక్కన దీన్నెందుకు పెట్టాడు? జంటలకు ఈ ఒక్క ప్రశ్న మీద పది నిమిషాలు ఇవ్వండి. చాలాసార్లు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు: ఇబ్బంది చేతిలో లేదు, దీవెన వినడం మానేసి చేతులకేసి చూసే కళ్లలో ఉంది.

గెమారా ఆ దారినే ఇంకా ముందుకు పోతుంది. ఊళ్లో ఎక్కువమంది పని అద్దకమే అయితే రంగు చేతులవాడు దీవించవచ్చు. పెడనలాంటి అద్దకపు ఊరు అనుకోండి, అక్కడ రంగు చేతుల్ని వింతగా చూసేదెవరు? తర్వాత రావ్ హూనా అనే పండితుడు అంటాడు, కళ్లు కారేవాడు చేతులెత్తకూడదని. వెంటనే గెమారా ఎదురడుగుతుంది: రావ్ హూనా ఇరుగుపొరుగులోనే అలాంటివాడు ఒకడున్నాడు, అతను దీవించేవాడు కదా? జవాబు రెండే మాటలు, ‘దాష్ బె-ఇరో’, తన ఊరికి అలవాటైనవాడు అని. ఒంటికన్ను విషయంలో రబ్బీ యోహనాన్ మాటకూ సరిగ్గా ఇదే ఎదురుప్రశ్న, ఇదే జవాబు. అలవాటు కావడానికి ఎంత కాలం పడుతుంది? షుల్హాన్ అరూఖ్ (ఓరహ్ హయీమ్ 128:30) లెక్క కట్టింది: ఊళ్లో 30 రోజులు ఉంటే చాలు. యాజకులు ముఖం, చేతులు శాలువాతో కప్పుకునే ఆచారం ఉన్న చోట లోపం అడ్డే కాదని కూడా అంటుంది.

ఇది చదివాక బృందం రెండుగా చీలుతుంది, చీలనివ్వండి. ‘30 రోజుల్లో చూపు మారుతుంది, ఇది ఊరి బాధ్యత’ అని ఒకరంటారు. ‘అంటే నేను 30 రోజులు అందరి చూపులూ భరించాకే మనిషినవుతానా? పైగా శాలువా కప్పుకోవాలా?’ అని ఇంకొకరంటారు. రెండూ ఈ పాఠంలో ఉన్నవే. నడిపేవారు తీర్పు చెప్పకూడదు. అదే ఆకులో హైఫా, బేత్ షెయాన్ ఊళ్లవాళ్లను ప్రార్థన నడపనివ్వొద్దన్న మాట కూడా ఉంది, వాళ్లు ఆలెఫ్, అయిన్ అనే రెండు అక్షరాలను తారుమారుగా పలుకుతారట. శ, స తేడా పలకలేదని బడిలో నవ్వించుకున్నవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. యాసకూ వైకల్యానికీ మధ్య గీత ఎక్కడ గీస్తున్నారో ఈ వాక్యంతో అడగండి.

అదే ఆకులో, కాస్త పైన, కాగడా కథ. ద్వితీయోపదేశకాండము 28:29లో ఒక శాపం ఉంది: గుడ్డివాడు చీకట్లో తడుముకున్నట్టు నువ్వు పట్టపగలు తడుముకుంటావు. రబ్బీ యోసే అంటాడు: ఈ వచనం నన్ను జీవితమంతా వేధించింది, గుడ్డివాడికి చీకటైతేనేం, వెలుగైతేనేం? ఒక రాత్రి చీకట్లో కాగడా పట్టుకుని నడుస్తున్న గుడ్డివాడు ఎదురయ్యాడు. నాయనా, నీకు కాగడా ఎందుకు అని అడిగాడు. ఆ మనిషి చెప్పిన జవాబు: కాగడా నా చేతిలో ఉన్నంతసేపూ జనం నన్ను చూస్తారు, గోతుల నుంచి, ముళ్ల నుంచి, తుప్పల నుంచి కాపాడతారు.

ఈ కథ దగ్గర పొరపాటు దాదాపు ఖాయం: ‘అంధుడు మనకెంత గొప్ప పాఠం నేర్పాడు’ అని మురిసిపోవడం. అతను పాఠం చెప్పడానికి నడవడం లేదు, ఇంటికి పోతున్నాడు. తన దారి తనకు తెలుసు, ఊరి స్వభావమూ తెలుసు. తెలియనిది రబ్బీకి. ఒక వచనాన్ని అర్థం చేసుకోలేక జన్మంతా గడిపిన పండితుడు ఒక్క గుడ్డివాణ్ణీ అడగకపోవడమేమిటని ఎవరైనా అంటే, ఆ మాటను బోర్డు మీద రాయండి. ‘నేను కనబడాలంటే బరువు నేనే ఎందుకు మోయాలి’ అని అన్నా రాయండి.

పాఠాల కాగితం తయారీ సగం పని. ఒక్కో వారానికి తెలుగులో 120 నుంచి 180 మాటలు, అంతకు మించొద్దు. ఎ4 కాగితం, 18 పాయింట్ల అక్షరం, వరసల మధ్య ఒకటిన్నర ఎడం, ప్రతి వరసకూ సంఖ్య, కుడి పక్కన నాలుగు వేళ్ల మార్జిను. చూపులేనివారికి అదే పాఠం కనీసం 2 రోజుల ముందు యూనికోడ్ ఫైలుగా పంపండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు కాగితం మీద ముచ్చటగా ఉంటుంది గానీ స్క్రీన్ రీడర్ చదివేసరికి అర్థంలేని అక్షరాలు పలుకుతుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే వట్టి బొమ్మ, అదీ పలకదు. వరసల సంఖ్యలు ఫైలులో కూడా ఉండాలి, ‘ఏడో వరస చూడండి’ అన్నప్పుడు అందరూ ఒకేసారి అక్కడికి చేరేలా.

చదివే పద్ధతి పేరు హవ్రూతా, స్నేహితుడు అనే మాటలోంచి వచ్చింది. ఇద్దరే, ఎదురెదురుగా, గట్టిగా చదువుకుంటూ. ఒకరు ఒక వాక్యం చదివి ఆగాలి. రెండోవారు అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పాలి, ఏమనిపించిందో కాదు. తర్వాత ఇద్దరూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇక్కడ వింతగా ఉన్న మాట ఏది? ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోట మాట రాలేదు? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? అప్పుడే తర్వాతి వాక్యం. ‘ఇందులో నీతి ఏమిటి’ అనే ప్రశ్న నిషేధించండి. బడిలో పడ్డ అలవాటు అది, ఒక్కసారి వచ్చిందంటే చదవడం ఆగిపోతుంది. జంటలో ఇద్దరూ ప్రతిదానికీ తలూపుతుంటే వచ్చే వారం జంట మార్చండి. తల్ముద్‌లోనే (బావా మెత్సియా 84ఎ) రబ్బీ యోహనాన్, తన చదువు జతగాడు రేష్ లాకిష్ చనిపోయాక, అతను తన మాటకు 24 అభ్యంతరాలు తెచ్చేవాడని, వాటికి 24 జవాబులు చెబుతూ పాఠం విశాలమయ్యేదని ఏడుస్తాడు. సమర్థించేవాళ్లు ఆయనకు అక్కర్లేకపోయింది.

మీ బృందానికి సరిపడే సర్దుబాట్లు ఇవి. ఒకే గదిలో నాలుగు జంటలు గట్టిగా చదివితే చెవి మిషను అన్ని గొంతుల్నీ కలిపి పెంచుతుంది, ఎదుటి మనిషి మాట అందులో మునిగిపోతుంది. ఆ జంటకు వరండాలోనో పక్క గదిలోనో చోటివ్వండి, ఎదుటివారి ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోబెట్టండి. నత్తి ఉన్నవారిని వరసలో చదవమని నెట్టకండి, ‘ఎవరు చదువుతారు’ అని అడిగి ఊరుకోండి. చదవడం మొదలుపెడితే ఎంతసేపు పట్టినా మాట అందించకండి. తల్లిని సొంత బిడ్డతో జంట కట్టకూడదు. ఇది కచ్చితంగా పాటించండి, లేకపోతే బిడ్డ చెప్పాల్సింది తల్లి చెప్పేస్తుంది. మీ తల్లులు పిల్లల్ని తీసుకురాకపోయినా, అదే వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో జంట కట్టాక ‘మావాడైతే’ అనే మాటతో మొదలుపెట్టకుండా ముందే చెప్పుకోండి.

90 నిమిషాలు ఇలా పంచండి: పాఠం ఒకసారి పైకి చదవడం 5, జంటలు 30, అందరూ కలిసి 20, విరామం 10, రాయడం 15, ఇష్టమైనవాళ్లు చదివి వినిపించడం 10. విరామం కత్తిరించకండి. కుర్చీలో ఉన్నవారికి బాత్రూముకు వెళ్లి రావడానికే ఆ పది నిమిషాలు పడతాయి. ఒంటి వేలితో టైపు చేసేవారికి రాత ప్రశ్న ముందురోజే పంపండి.

మొదటి వారం నిర్గమకాండము 4:10–16. మోషే తనకు నోరు బరువు, నాలుక బరువు అంటాడు. దేవుడి జవాబు 11వ వచనంలో ఉంది: మనిషికి నోరిచ్చినదెవరు, మూగవాణ్ణో చెవిటివాణ్ణో చూపున్నవాణ్ణో గుడ్డివాణ్ణో చేసినదెవరు? ఈ వరసలో చూపున్నవాడు ఎందుకొచ్చాడు? హీబ్రూలో ఈ నాలుగు మాటలూ, ఇల్లేమ్, హెరేష్, పిక్కేయహ్, ఇవ్వేర్, ఒకే అచ్చులో పోసినవి. ఆ అచ్చు ఆ భాషలో ఎక్కువగా శరీర లోపాల పేర్లకు వాడేది. చూపున్నవాడు కూడా అదే అచ్చులో, మిగతా ముగ్గురి మధ్యలో కూర్చున్నాడు. హీబ్రూ రాకపోయినా ఈ నాలుగు మాటల్నీ పైకి పలికించండి, చెవికే తెలుస్తుంది. మోషే నాలుక బాగుచేస్తానని దేవుడు అనలేదు, అతని బదులు మాట్లాడడానికి అన్న అహరోనును తోడిచ్చాడు. అది ఏర్పాటా, దాటవేతా? మిద్రాష్ (షెమోత్ రబ్బా 1:26) ఈ నత్తికి కారణం కల్పించింది: పసి మోషే ముందు బంగారం, నిప్పుకణిక పెట్టి పరీక్షిస్తే దేవదూత చెయ్యి తోశాడు, కణిక నోట్లో పెట్టుకున్నాడు. ‘ఎలా వచ్చింది?’ అని ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగే ప్రశ్న మీకు పరిచయమే కదా. మిద్రాష్ అడుగుతున్నదీ అదే.

రెండో వారం లేవీయకాండము 19:14: చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టకు. రాషి ఇక్కడ గుడ్డివాడు అంటే ఏదైనా ఒక విషయం తెలియనివాడు అంటాడు, అతనికి తప్పుడు సలహా ఇవ్వకు, పొలం అమ్మి గాడిదను కొనుక్కోమని చెప్పి ఆ పొలం నువ్వు కాజేయకు అని. తల్ముద్ (పెసహీమ్ 22బి) ద్రాక్షసారా మానతానని మొక్కుకున్నవాడికి గిన్నె అందించకు అని విస్తరించింది. ఎంతో విలువైన నీతి. కానీ ఈ విస్తరణలో, నిజంగా చూపులేని మనిషి, అతని కాలికి తగిలే నిజమైన రాయి ఎక్కడికి పోయాయో వెతికించండి. ఈ వారం రాతకు మన మాటలే సామగ్రి: కుంటిసాకు, గుడ్డి నమ్మకం, చెవిటివాడి ముందు శంఖం, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. వారంలో చెవిన పడ్డవి పది రాసుకు రమ్మనండి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో కూడా. తిట్టు వినబడని చెవిటివాణ్ణి తిడితే నష్టం ఎవరికన్నది జంటల ప్రశ్న.

మూడు, నాలుగు వారాలు మెగిల్లా ఆకు. అయిదో వారం హగీగా 3ఎ. రబ్బీ యెహూదా హనాసి ఇరుగుపొరుగున ఇద్దరు మూగవాళ్లు ఉండేవారు. రబ్బీ పాఠశాలకు వచ్చినప్పుడల్లా వచ్చి కూర్చుని తలలూపుతూ పెదవులు కదిపేవారు. రబ్బీ ప్రార్థించాడు, నయమైంది, చూస్తే ధర్మశాస్త్రమంతా వాళ్లకు వచ్చు. నయమవడం దగ్గర జనం చప్పట్లు కొడతారు, మీరు ఒక వాక్యం వెనక్కి తీసుకెళ్లండి. నయమయ్యాక నేర్చుకోలేదు, అప్పటికే నేర్చుకున్నారు. కదులుతున్న ఆ పెదవుల్ని అన్నాళ్లూ ఎవరు ఏమనుకున్నారు?

ఆరో వారం బెరఖోత్ 5బి. జబ్బుపడ్డ రబ్బీ హియ్యాను రబ్బీ యోహనాన్ అడుగుతాడు: నీ బాధలు నీకు ప్రియమేనా? జవాబు: అవీ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దు. చెయ్యి ఇవ్వమని అడిగి పట్టుకుని లేపాడు. తర్వాత రబ్బీ యోహనానే జబ్బుపడితే ఇంకొకరు వచ్చి లేపారు. తనంతట తానే లేవొచ్చు కదా అంటే, ఖైదీ తనను తాను విడిపించుకోలేడు అంటుంది తల్ముద్. దీన్ని చివరికి ఉంచడానికి కారణం ఉంది. అప్పటికే ఎవరో ఒకరు పూర్వజన్మ కర్మ అనో, దేవుడు గట్టివాళ్లకే కష్టాలిస్తాడనో అని ఉంటారు. బాధలు వస్తే నీ నడత చూసుకో అన్న మాట 5ఎలో, అంటే అదే ఆకు మొదటి వైపున, ఉంది. దాన్ని దాచకుండా కాగితం మీద ముందు పెట్టి, రబ్బీ హియ్యా జవాబు దాని కింద పెట్టండి. మీకు ఏడో వారం వీలైతే మెఫీబోషెతు అనే కుంటివాడి కథ (2 సమూయేలు 4:4, 9వ అధ్యాయం) తీసుకోండి, రాజు బల్ల దగ్గర రోజూ భోజనం దొరకడం గౌరవమా, కాపలానా అన్న వాదనకు.

రాత విషయంలో ఒకే నియమం: ప్రశ్న పాఠంలోంచి పుట్టాలి, రాసేవారి శరీరంలోంచి కాదు. ‘మీ వైకల్యం గురించి రాయండి’ అంటే వాళ్లు వందసార్లు చెప్పి అరిగిపోయిన కథే వస్తుంది, లేదా ఏమీ రాదు. ‘దీవెన వరసలో నిలబడ్డ రంగు చేతులవాడు ఏమనుకున్నాడు’, ‘కాగడా పట్టుకున్నవాడు ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చెప్పాడు’ అంటే తమ అనుభవాన్ని ఎంత తేవాలో, ఎంత దాచాలో రాసేవారి చేతిలో ఉంటుంది. 15 నిమిషాలు కలం ఆపకుండా. మాట తోచకపోతే వచనంలోని ఒక వాక్యాన్నే మళ్లీ మళ్లీ రాయాలి, మూడోసారికో నాలుగోసారికో చెయ్యి పక్కకు తిరుగుతుంది. చెప్పి రాయించుకునేవారికి లేఖకుడు కావాలి. ఆ లేఖకుడు విన్నది విన్నట్టు రాయాలి, యాస దిద్దకూడదు, ‘అంటే మీ ఉద్దేశం’ అనకూడదు. అహరోను పని ఎంత కష్టమో లేఖకుడికి అప్పుడే తెలుస్తుంది. ఫోనుకు చెప్పి రాసేవారికి వేరే గది ఇవ్వండి.

ఆరో వారానికి తల్ముద్ పేజీ అమరికను వాడుకోండి. అచ్చు తల్ముద్‌లో మధ్యలో మూలం, ఒక పక్క రాషి, ఇంకో పక్క తోసాఫోత్ అనే తర్వాతి పండితుల వ్యాఖ్య ఉంటాయి. 1520ల్లో వెనిస్‌లో బోంబెర్గ్ ముద్రణ నుంచి స్థిరపడ్డ అమరిక ఇది. ఎ3 కాగితం మధ్యలో అరచేతి వెడల్పు పెట్టె గీసి, అందులో జరిగిన ఒక సంగతి 40 మాటలకు మించకుండా రాయమనండి. మెచ్చుకోలు, జాలి, వివరణ వద్దు, జరిగిందే. చూపడానికి కల్పించిన ఉదాహరణ ఇది:

‘బస్సు ఆగింది. కండక్టరు దిగాడు. నా కుర్చీని చూశాడు. తోడెవరైనా ఉన్నారా అని అడిగాడు, నా వెనక నిలబడ్డావిడను.’

తర్వాత కాగితం చేతులు మారాలి. ఎడమ పక్క ఒకరు వ్యాఖ్య రాస్తారు: ‘నా వెనక నిలబడ్డావిడను. ఎందుకు ఆమెను? ఆమె తోడు కాదని ఎవరూ చెప్పలేదు కాబట్టి.’ కుడి పక్క ఇంకొకరు ఒప్పుకోకూడదు: ‘దిగాడు. దిగకుండా బెల్లు కొట్టి పోయే కండక్టర్లున్నారు. దిగినవాణ్ణి ముందు లెక్కలో వేయాలి.’ చివరికి కాగితం మొదటి మనిషి దగ్గరికి చేరాక, ఇద్దరు వ్యాఖ్యాతల్లో ఎవరు తన వాక్యాన్ని సరిగ్గా చదివారో కింద రాయాలి. వ్యాఖ్య ఎప్పుడూ మూలంలోని ఒక మాటను పట్టుకునే మొదలవ్వాలి, ‘పాపం’, ‘మీరు గ్రేట్’ లాంటివి రాస్తే కొట్టేసి మళ్లీ రాయించండి. చూపులేనివారికి ఈ పెట్టెలు ఉపయోగపడవు. ఫైలులో మూలం, మొదటి వ్యాఖ్య, రెండో వ్యాఖ్య అని మూడు శీర్షికలు పెట్టి కింద రాస్తే సరిపోతుంది.

బెడిసికొట్టేవి ఇంకొన్ని. చర్చి నేపథ్యం ఉన్నవాళ్లు కొత్త నిబంధన స్వస్థత కథలు తెచ్చి, ఇదంతా పాత ధర్మశాస్త్రం, తర్వాత తీరిపోయింది అంటారు. ఈ ఆరు వారాలు యూదుల పాఠం యూదుల చదువులోనే అని మొదటి రోజే చెప్పండి. లేవీయకాండము చదివి ‘యూదులు ఇంత కఠినులా’ అనేవాళ్లకు, ఆ నియమంతో రెండువేల ఏళ్లుగా వాదిస్తున్నదీ యూదులేనని మెగిల్లా ఆకు చూపించండి. అలాగని ‘యూదు మతం వైకల్యాన్ని గౌరవిస్తుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేసినా తప్పే. ఇద్దరు అంధ పండితులు, రావ్ యోసెఫ్, రావ్ షేషెత్, ఇళ్లలో పస్కా రాత్రి కథ ఎవరు చదివేవారన్న ప్రశ్నకే (పెసహీమ్ 116బి) తల్ముద్ చర్చ పెట్టుకుంది, చివరికి వాళ్లే చదివేవారని తేలింది. శాలువాలు కప్పుకుని, టోపీలు పెట్టుకుని వేషం కట్టకండి, చదువుకు వేషం అక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది. వాళ్లను కలవాలనుకుంటే ముందుగా అడిగి, వాళ్లు పిలిస్తే వెళ్లండి, మీ బృందానికి ప్రదర్శనగా రమ్మనకండి.

రాసిన కాగితాలు రాసినవాళ్లవే. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకూడదన్నది మొదటి వారమే అందరితో ఒప్పించుకోండి. తెలుగు బైబిల్లో ‘యెహోవా’ అని అచ్చయిన పేరును యూదులు పైకి పలకరు, ‘అదోనాయ్’ అనో ‘హషెమ్’ అనో అంటారు. మీ బృందంలోకి ఎవరైనా యూదులు వస్తే కాగితం మీద ‘హషెమ్’ అని మార్చుకోవడం మర్యాద. పాఠం పైన హీబ్రూ మూలం కూడా అచ్చువేస్తే అందులో ఆ పేరు ఉండవచ్చు. అలాంటి కాగితాలను యూదులు చెత్తలో వేయరు, గెనీజా అని వేరుగా దాచి తర్వాత భూమిలో పూడుస్తారు. ఒక కవరు పెట్టి వాటిని విడిగా పోగుచేయండి, లేదా హీబ్రూ వరసలు తీసేసి తెలుగు మాత్రమే అచ్చువేయించుకోండి.